రేడియో ముందు పది మంది: ఊళ్ళో హైస్కూల్ పిల్లలకు రేడియో పాఠాలు వినిపించడం ఎలా

మొదటి రోజు నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. మీకు కనీసం ఒక వారం కలిసొస్తుంది. వరంగల్ జిల్లా నర్సంపేట వైపు ఒక ఊళ్ళో పంచాయతీ ఆఫీసు వరండాలో తొమ్మిది, పది తరగతుల పిల్లలను నలభై మందిని కూర్చోబెట్టాను. మధ్యలో ఒక ఇనుప బెంచీ, దాని మీద రేడియో. అందరికీ వినపడాలని సౌండు ఫుల్లుగా పెట్టాను. రేడియోతో పాటు బెంచీ కూడా వణుకుతూ మోగడం మొదలుపెట్టింది. ముందు వరసకు చెవులు దిమ్మెక్కాయి, వెనక వరసకు గలగల తప్ప ఏమీ వినపడలేదు. పాఠం అయిపోయాక ఏం అర్థమైందని అడిగితే ఒక పిల్లవాడు లేచి, "మంచిగనే చెప్పిండు సార్, గానీ ఒక్కతాప చెప్పి పోయిండు" అన్నాడు.

ఒక్కతాప అంటే ఒక్కసారే. రేడియో చదువులో ఉన్న కష్టమంతా ఆ ఒక్క మాటలో ఉంది. క్లాసులో సారు పిల్లల మొహాలు చూస్తాడు, అర్థం కాలేదనిపిస్తే ఆగుతాడు, బోర్డు మీద మళ్ళీ రాస్తాడు. రేడియోకు మొహాలు కనపడవు. ఆపడం, మళ్ళీ చెప్పించడం, ప్రశ్న అడగడం, ఇవన్నీ దాని పక్కన కూర్చున్న మనిషి చేయాల్సిన పనులు. నేను పెట్టుకున్న లెక్క ఇది: పాఠం పదిహేను నిమిషాలైతే, దానికి ముందు పది నిమిషాలు, తర్వాత ఇరవై నిమిషాలు మీ పని ఉంటుంది. ఆ అరగంట మీ దగ్గర లేకపోతే రేడియో కొనకండి, ఆ డబ్బుతో పిల్లలకు గైడ్లు కొనివ్వండి.

ఫోన్లు ఉండగా రేడియో దేనికి?

ఈ ప్రశ్న మిమ్మల్ని ఊళ్ళో మొదటి రోజే అడుగుతారు, కాబట్టి జవాబు దగ్గర పెట్టుకోండి. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన తెలంగాణలో బడులు తెరవకుండానే దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు ఏమైందో గుర్తుంది కదా. ఇంటికి ఒకటే ఫోను, అది నాన్నతో పాటు చేనుకు పోయేది. సిగ్నల్ కోసం డాబాలెక్కిన పిల్లలు ఎంతమందో. ఇప్పుడు ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోనులో పాఠం ఒక్కరే చూస్తారు, రెండు నిమిషాలకు రీల్స్ వస్తాయి. రేడియో ముందు పది మంది కూర్చోవచ్చు. రీఛార్జి లేదు, నెట్ లేదు, వేలితో పైకి నెట్టేయడానికి ఏమీ లేదు.

రేడియోతో చదువు చెప్పడం కొత్త సంగతేమీ కాదు. కొలంబియాలో సుతతెంజా అనే కొండ ఊరి నుంచి 1947లో ఒక చర్చి ఫాదర్ మొదలుపెట్టిన రేడియోతో రైతులు చదవడం, రాయడం నేర్చుకున్నారు. నికరాగువాలో 1974లో చిన్న తరగతుల లెక్కలు రేడియోలో చెప్పారు. పాఠంలో ప్రశ్న వచ్చి, ఆగి, పిల్లలంతా గట్టిగా జవాబు చెప్పేదాకా ఖాళీ వదిలేవారు. 1980ల మొదట్లో కెన్యాలో ఇంగ్లిష్‌ను ఇట్లాగే నేర్పారు. 2014లో ఎబోలా వచ్చి సియెర్రా లియోన్‌లో బడులు మూసేసినప్పుడు పాఠాలు రేడియోకే ఎక్కాయి. మన దేశంలో 1956లో పూణె చుట్టుపక్కల ఊళ్ళలో యునెస్కో సాయంతో రైతుల రేడియో గుంపులు నడిచాయి. ప్రోగ్రాం వినడం, విన్నదాని మీద మాట్లాడుకోవడం, తేలని సందేహాలు స్టేషన్‌కు రాసి పంపడం. ఇవన్నీ చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, రేడియో బాగా పనిచేసిన చోటల్లా పిల్లలు నోరు తెరిచే వీలో, పక్కన కూర్చుని అడిగే మనిషో ఉన్నారు. సుతతెంజాలో వాడకట్టుకు ఒకరు, చదువొచ్చినవాళ్ళు, రేడియో దగ్గర కూర్చునేవారు. మీరు చేయబోయేది ఆ పనే.

ముందు గరగర వదిలించండి

మంచి సెట్టు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎఫ్ఎం వచ్చే చిన్న రేడియో, సెల్లులతోనూ కరెంటుతోనూ నడిచేది అయితే చాలు. పెన్‌డ్రైవ్ పెట్టే బెజ్జం కూడా ఉంటే మరీ మంచిది, ఎందుకో తర్వాత చెప్తాను. కీప్యాడ్ ఫోన్లలో కూడా ఎఫ్ఎం వస్తుంది. చాలా వాటికి ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్, అది గుచ్చకపోతే స్టేషన్ దొరకదు. గుచ్చి, స్పీకర్ ఆన్ చేసుకోవాలి.

వరంగల్ ఆకాశవాణి 103.5 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది. నిజామాబాద్ వైపు వాళ్ళకు 103.2. మీడియం వేవ్ కూడా ఉన్న సెట్టయితే హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మీద ప్రయత్నించండి. ఎఫ్ఎం తరంగాలు దాదాపు చూపు ఎంత దూరం పోతుందో అంతే పోతాయి. వరంగల్ నుంచి దూరం పెరిగిన కొద్దీ, మధ్యలో గుట్టలు అడ్డం వచ్చిన కొద్దీ స్టేషన్ బలహీనపడుతుంది. ములుగు దాటి ఏటూరునాగారం అడవిలోకి పోయినవాళ్ళకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

గరగర వస్తుంటే వెంటనే రేడియోను తిట్టకండి. స్లాబు కింద, గది మధ్యలో పెట్టి ఉంటారు. కిటికీ దగ్గరికి జరపండి, తర్వాత అరుగు మీదికి. ఒక్కోసారి రెండడుగులు పక్కకు జరిపితే గొంతు తేటగా వస్తుంది. ఏరియల్‌ను నిలువుగా పెట్టి చూడండి, అడ్డంగా వంచి చూడండి. రేడియో పక్కన చార్జింగ్ పెట్టిన ఫోను ఉంటే తీసేయండి.

మా సెట్టు ఏరియల్ రెండో వారంలోనే విరిగింది. అప్పుడు చేసిన పని మీరు కావాలని కూడా చేయవచ్చు. ధ్వని పాఠంలో వేగం, పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం సూత్రం ఉంటుంది కదా, దాన్నే రేడియో తరంగానికి పెట్టించాను. రేడియో తరంగం పోయేది కాంతి వేగంతోనే, అంటే సెకనుకు 30 కోట్ల మీటర్లు. 103.5 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 10 కోట్ల 35 లక్షల తరంగాలు. భాగిస్తే ఒక తరంగం పొడవు సుమారు 2.9 మీటర్లు. ఏరియల్‌కు అందులో నాలుగో వంతు సరిపోతుంది, అంటే 72 సెంటీమీటర్లు. ఒక పాత కరెంటు వైరు తెచ్చి, స్కేలుతో 72 కొలిచి, తోలు ఒలిచి, విరిగిన ముక్కకు చుట్టి, పై కొసను కిటికీ చువ్వకు దారంతో కట్టాం. స్టేషన్ దొరికింది. ఆ రోజు రేడియోలో ఏ పాఠం వచ్చిందో నాకు గుర్తులేదు, పిల్లలకు మాత్రం ఆ సూత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఎంతకీ అందని ఊరైతే వేరే దారులున్నాయి. డీడీ ఫ్రీ డిష్ పెట్టె ఉన్న ఇంట్లో టీవీ చానళ్ళ తర్వాత ఆకాశవాణి రేడియో చానళ్ళు కూడా వస్తాయి. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దేశంలోని ఆకాశవాణి కేంద్రాలు చాలావరకు దొరుకుతాయి. ఒక్క ఫోనుకు నెట్ ఉంటే దాన్ని స్పీకర్‌కు కలిపి పది మందికీ వినిపించవచ్చు.

ఏం వినాలి?

ఆకాశవాణిలో ఏ గంటకు ఏ ప్రోగ్రాం వస్తుందో ముందే చార్టు వేసుకుంటారు. ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అంటారు దాన్ని. స్టేషన్‌కు ఉత్తరం రాసి గానీ, ఎవరైనా వరంగల్ పోయినప్పుడు అడిగించి గానీ, విద్యార్థుల ప్రోగ్రాంలు ఏ రోజు ఎన్నింటికో తెలుసుకోండి. బడి లెటర్‌ప్యాడ్ మీద హెడ్‌మాస్టర్ సంతకంతో అడిగితే పని త్వరగా అవుతుంది. చార్టులు మారుతుంటాయి, కాబట్టి ఏడాదంతా పాత కాగితాన్నే నమ్ముకోకండి.

మరి మీకు కావలసిన పాఠం మీకు వీలైన టైంలో రాకపోతే? చాలామంది ఇక్కడే వదిలేస్తారు. రేడియోలో పాఠం అనే పేరు లేని పాఠాలు బోలెడుంటాయి. వ్యవసాయ ప్రోగ్రాంలో పత్తికి గులాబీ రంగు పురుగు గురించి శాస్త్రవేత్త చెప్తుంటాడు. పురుగు గుడ్డు ఎక్కడ పెడుతుంది, కాయలోకి ఎట్లా దూరుతుంది, లింగాకర్షక బుట్టలు ఎందుకు కట్టాలి. జీవశాస్త్రం ఇంతకంటే బాగా ఎక్కడ దొరుకుతుంది? ఆ బుట్టలు వాళ్ళ చేలల్లోనే వేలాడుతుంటాయి, అందులో ఏముంటుందో మాత్రం పిల్లలకు తెలియదు. ఆడ పురుగు వాసన లాంటి మందు బిళ్ళ పెడితే మగ పురుగులు వచ్చి పడతాయని తెలిశాక, వెనక కూర్చునే మగపిల్లలు కూడా నవ్వుకుంటూ ముందుకు జరిగారు.

వార్తలు కూడా అంతే. తెలుగు వార్తలు విని ఐదు వాక్యాల్లో రాయమనండి. ఇంగ్లిష్ వార్తలైతే మొదటి నెల ఊర్ల పేర్లు, అంకెలు మాత్రమే పట్టుకోమనండి. అంతకంటే ఎక్కువ అడిగితే భయపడి మానేస్తారు.

గుంపు, చోటు, టైం

నలభై మంది వద్దు. ఎనిమిది నుంచి పన్నెండు మంది దాకా ఒక గుంపు. ఎక్కువ మంది ఉంటే వాడకట్టుకు ఒక గుంపు చేయండి. సాయంత్రం చీకటి పడ్డాక ఆడపిల్లలు ఊరవతల ఉన్న బడికి రాలేరు. సొంత వాడలో ఎవరి అరుగు మీదనో, అంగన్‌వాడీలోనో అయితే తల్లులు కాదనరు. పిండి గిర్ని పక్కన వద్దు, రోడ్డు పక్కన వద్దు. రేడియోను చెక్క స్టూలు మీదనో, మడతపెట్టిన గోనెసంచి మీదనో పిల్లల చెవుల ఎత్తులో పెట్టి, వాళ్ళను అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టండి. వినికిడి తక్కువున్న పిల్లలను స్పీకర్ పక్కన. చూపు లేని పిల్లవాడు ఎవరైనా ఉంటే తప్పక పిలవండి, మా గుంపులో అందరికంటే బాగా విన్నది అట్లాంటి పిల్లవాడే.

గుంపును రోజూ నడపడానికి మీరు కాకుండా ఇంకొకరిని చూసుకోండి. ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయో అబ్బాయో. ఊళ్ళో అడిగి చూడండి, 1982లో మొదలైన అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు రేడియోలో విని డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు ఎవరైనా దొరుకుతారు. రేడియోతో చదవడం ఎంత కష్టమో వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. అన్ని సబ్జెక్టులు రావాలని లేదు. "నాకూ తెలియదు, రేపు సారును అడుగుదాం" అనగలిగితే చాలు.

టైం విషయంలో సీజను చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పత్తి ఏరే రోజులు, పిల్లలు బడి నుంచి వచ్చి సంచి పట్టుకుని చేనుకు పోతారు. ములుగు, భూపాలపల్లి వైపు మిరప కోతలు సరిగ్గా పరీక్షల ముందు పడతాయి. ఆ రోజుల్లో వారానికి ఐదు రోజులు పెట్టి ఇద్దరే వస్తే బాధపడే కంటే, వారానికి రెండు రోజులు పెట్టి అందరూ వచ్చేలా చూసుకోవడం నయం. మేడారం జాతర వారంలో గుంపు పెట్టుకునే ఆలోచనే చేయకండి.

పాఠం రోజు

ఒక రోజు జరిగింది జరిగినట్టు చెప్తాను. పాఠం భారతదేశ నదులు. నేను సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి దీన్ని ఎంచుకుంటున్నాను, మీరు మీ సబ్జెక్టుకు మార్చుకోండి.

పాఠానికి పది నిమిషాల ముందు అరుగు మీద సుద్దతో గోదావరి గీశాం. పడమట నాసిక్ దగ్గర త్రయంబకం, తూర్పున సముద్రం, మధ్యలో వంకర గీత. ఊళ్ళ పేర్లేవీ రాయలేదు. తర్వాత మూడు మాటలు చెప్పాను: ఉపనది, పరీవాహక ప్రాంతం, ఎడమ గట్టు. పాఠంలో ఈ మాటలు వచ్చినప్పుడు అర్థం కాక ఆగిపోతే మిగతాదంతా చెవి దాటిపోతుంది, అందుకే ముందే చెప్పాలి. చివరగా మూడు ప్రశ్నలు ఇచ్చాను. మూడే. ఐదు ఇస్తే పిల్లలు పాఠం వినడం మానేసి జవాబులు ఏరుకుంటారు, పత్తి ఏరినట్టు.

పాఠం నడుస్తున్నప్పుడు రాయడం లేదు. ఇది నేను గట్టిగా పట్టే నియమం. పెన్ను చేతిలో ఉంటే మొదటి వాక్యం రాస్తూ రెండోది పోగొట్టుకుంటారు. నది పేరు వినపడగానే ఒకరు లేచి సుద్ద గీత మీద ఆ చోటికి పోయి నిలబడాలి, అంతే. మీరు కూడా మధ్యలో మాట్లాడకండి. టీచర్లకు ఇది అన్నిటికంటే కష్టం, రేడియోలో సారు చెప్తుంటే మనకు నోరు ఊరుకోదు.

పాఠం అయ్యాక రేడియో పూర్తిగా ఆపేసి, పుస్తకాలు తెరవకుండా, ఒక్కొక్కరూ తాము విన్నది ఒక్కో మాట చెప్పాలి. ఆ రోజు గొడవ ప్రాణహిత దగ్గర వచ్చింది. ఎడమ గట్టున కలుస్తుందని రేడియోలో చెప్పారు. గీతకు అవతల కూర్చున్న పిల్లలు "మాకు కుడి దిక్కున్నది సార్" అని ఒకటే వాదన. నేను తీర్పు చెప్పబోయి ఆగాను. పదో తరగతి అమ్మాయి ఒకతి లేచి గీత మీద నిలబడి, "నీళ్ళు ఎటు పోతే అటు మొహం పెట్టాలె" అని తూర్పుకు తిరిగింది. ఎడమ చెయ్యి చాపితే ఉత్తరం, కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత. కుడి చెయ్యి చాపితే దక్షిణం, కందకుర్తి దగ్గర కలిసే మంజీర. తర్వాత అందరూ వంతులవారీగా గోదావరి మీద నిలబడి చేతులు చాపారు. చివరి పది నిమిషాలు నోటుబుక్కులో మ్యాపు గీసి, మూడు ప్రశ్నలకు జవాబులు రాశారు.

ఈ వరసను ఏ పాఠానికైనా పెట్టుకోవచ్చు: ముందు బొమ్మ, మూడు మాటలు, మూడు ప్రశ్నలు, మధ్యలో చేతులతో, కాళ్ళతో ఏదో ఒక పని, తర్వాత నోటితో చెప్పడం, చివర్లో రాయడం. నోటితో చెప్పించకుండా నేరుగా రాయమంటే ఒకరి దాంట్లో చూసి ఒకరు రాస్తారు.

లెక్కలు, రసాయన శాస్త్రం దగ్గర జాగ్రత్త

రేడియో అన్నీ చెప్పలేదు. రేడియోలో "ఎ ప్లస్ బి స్క్వేర్" అంటే బి ఒక్కదానికే వర్గమా, రెండిటి మొత్తానికా? చెవికి రెండూ ఒకటే. సరూప త్రిభుజాల రుజువు విని అర్థం చేసుకోమనడం కళ్ళకు గంతలు కట్టి సూదిలో దారం ఎక్కించమన్నట్టే. రసాయన సమీకరణాలను తుల్యం చేయడం కూడా అంతే. వీటికి రేడియో వాడి పిల్లలను విసిగించకండి, బోర్డు ముందుకే తీసుకుపోండి.

లెక్కల్లో రేడియోకు పనికొచ్చేవీ ఉన్నాయి. నోటి లెక్కలు, సూత్రాలు వరసగా అప్పజెప్పడం, మాటల లెక్క విని ఏది ఇచ్చారో ఏది కనుక్కోవాలో చెప్పడం. పదో తరగతిలో సగం మంది మాటల లెక్కలోని తెలుగు దగ్గరే ఆగిపోతారని నా అనుమానం. ఆ లెక్కను రెండుసార్లు వినిపించి, లెక్క చేయకుండా సొంత మాటల్లో చెప్పమనండి. లెక్క తర్వాత దానంతటదే వస్తుంది, అందరికీ కాకపోయినా కొంతమందికైనా.

పద్యాలు, ఇంగ్లిష్ ఉచ్చారణ, చరిత్ర, ఆరోగ్యం, ఇవి రేడియో సొత్తు. పద్యాన్ని రాగయుక్తంగా విన్న పిల్లవాడికి ప్రతిపదార్థం కంటే ముందు పద్యం నోటికి వస్తుంది.

పాఠం దొరకకపోతే మీరే రికార్డు చేసుకోండి

ఫోనులోని రికార్డర్, ఒక పెన్‌డ్రైవ్, పెన్‌డ్రైవ్ పట్టే రేడియో లేదా స్పీకర్, ఇవి ఉంటే మీ బడి పాఠాలు మీరే తయారు చేసుకోవచ్చు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. గాలిలో వచ్చే రేడియోను మీరు ఆపలేరు, రికార్డును ఆపగలరు.

ఒక పాఠం పది పన్నెండు నిమిషాలు దాటొద్దు. మొత్తం పాఠ్యపుస్తకం చదివి రికార్డు చేయడం మాత్రం వద్దు, దాన్ని మీ ఇంట్లోవాళ్ళు కూడా వినరు. రెండు గొంతులు పెట్టుకోండి, ఒకరు చెప్పేవారు, ఒకరు అడిగేవారు. అడిగే గొంతు పిల్లలదైతే ఇంకా మంచిది. ప్రశ్న అడిగాక మౌనంగా వదలాలి. ఒక్క మాట జవాబుకు మనసులో మూడు లెక్కపెట్టండి, ఆలోచించి చెప్పాల్సిన దానికి పది. రికార్డు చేసేటప్పుడు ఆ పది సెకన్లు పది నిమిషాల్లా అనిపిస్తాయి, టెన్షన్ వచ్చి తగ్గించేస్తాం. తగ్గించకండి. మౌనం తర్వాత సరైన జవాబు చెప్పి, ముందుకు పోండి.

మాట తీరు గురించి ఒక సంగతి. పుస్తకం భాషలో చెప్పాలని బిగుసుకుపోకండి, మీరు క్లాసులో ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడండి. కానీ పరీక్షలో రాయాల్సిన మాట ఏదో దాన్ని మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రెండుసార్లు పలకండి. తండాల్లో, కోయ గూడేల్లో వినేవాళ్ళుంటే కష్టమైన మాటకు లంబాడీలోనో కోయలోనో అర్థం చెప్పే పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇక గది. బడి గదిలో రికార్డు చేస్తే బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది, ఖాళీ గోడలకు తగిలి మాట తిరిగి వస్తుంది కాబట్టి. బొంతలు కట్టాం, పరుపు నిలబెట్టాం, కొంత నయమే. నవంబరులో ఒకరి ఇంటికి పోతే ముందు గదిలో నడుము ఎత్తు పత్తి పోసి ఉంది, రేటు వచ్చినప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు పంపాలని ఆగారు. ఆ గదిలో పిల్లలతో మాట్లాడుతుంటే గొంతు తేడాగా అనిపించింది. చప్పట్లు కొట్టి చూశాను, చప్పుడు కొట్టిన చోటనే చచ్చిపోయింది. అడిగి, మూల నేల మీద కూర్చుని అక్కడే నాలుగు పాఠాలు రికార్డు చేశాం. దూది నలకలతో మధ్య మధ్య తుమ్ములు వచ్చాయి, వాటి చోట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అయినా అంత శుభ్రమైన సౌండు మళ్ళీ మాకు రాలేదు. పత్తి రైతుల ఇళ్ళల్లో ఆ రెండు నెలలూ ఫ్రీ స్టూడియోలే ఉంటాయి, అడిగి వాడుకోండి. అగ్గిపెట్టె, బీడీ మాత్రం గడప బయటే.

పాఠం తయారయ్యాక చదువులో బాగా వెనకబడిన ఒక పిల్లవాడికి ముందు వినిపించండి. వాడు ఎక్కడ పక్కకు చూశాడో అక్కడ పాఠం బాగాలేదు. ఆ ముక్క మళ్ళీ చేయండి.

ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు అమ్ముతారు, ఊరంతా వినపడేలా పెట్టేద్దాం అని హుషారున్న కుర్రాళ్ళు అంటారు. లైసెన్సు లేకుండా గాలిలోకి వదలడం మన చట్టం ప్రకారం నేరం, వద్దు. ఊరి రేడియో కావాలంటే సరైన దారి కమ్యూనిటీ రేడియో. మొదట విద్యాసంస్థలకే అనుమతి ఉండేది, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇచ్చారు. సుమారు పది పదిహేను కిలోమీటర్ల దాకా వినపడుతుంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 నుంచి ఇట్లాగే నడిచింది. అది సంస్థలు చేయాల్సిన పెద్ద పని, ఒక్క బడికి పెన్‌డ్రైవ్ చాలు.

రాని ప్రోగ్రాం, రాసే నోటుబుక్కు

ఏదో ఒక రోజు పిల్లలందరూ కూర్చున్నాక పాఠం బదులు క్రికెట్ కామెంటరీ వస్తుంది. మాకు మూడుసార్లు వచ్చింది. మగపిల్లలు సంతోషపడ్డారు, నాకు ఒళ్ళు మండింది. అప్పటి నుంచి పెన్‌డ్రైవ్‌లో రెండు పాఠాలు ఎప్పుడూ రెడీగా పెట్టుకుంటున్నాను. రెండు జతల కొత్త సెల్లులు కూడా. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయకండి.

గుంపుకు ఒక నోటుబుక్కు ఉండాలి. తారీఖు, ఎవరెవరు వచ్చారు, ఏం విన్నారు, ఎవరికీ జవాబు రాని ప్రశ్న ఒకటి. ఈ నాలుగోది ముఖ్యం. మర్నాడు బడిలో ఆ సబ్జెక్టు టీచర్‌కు ఇవ్వండి. మొదట్లో కొంతమంది టీచర్లు తమ క్లాసును తప్పుపడుతున్నారని అనుకుంటారు. "రేడియోలో సరిగ్గా చెప్పలేదు సార్, మీరు చెప్పండి" అని అడగమని పిల్లలకు నేర్పండి. చాలావరకు పని జరుగుతుంది.

మార్కులు పెరిగాయా అని మొదటి నెలలోనే చూడకండి. దానికి బదులు పాఠానికి ముందు ఐదు ప్రశ్నలు, అవే ఐదు వారం తర్వాత అడిగి, రెండిటినీ నోటుబుక్కులో పక్కపక్కన రాసుకోండి. ఒకే పాఠం మీద మూడు వారాలు తేడా రాకపోతే తప్పు రేడియోలో లేదు, పాఠం తర్వాతి ఇరవై నిమిషాల్లో ఉంది. అక్కడ చూడండి.

బాగున్న ప్రోగ్రాంకు, బాగాలేని ప్రోగ్రాంకు కూడా స్టేషన్‌కు పోస్టు కార్డు రాయించండి. కార్డు యాభై పైసలే. "మీరు చాలా త్వరగా చెప్తున్నారు, ఊరి పేర్లు రెండుసార్లు చెప్పండి" అని మా పిల్లలు రాశారు. ఉత్తరం చదివే ప్రోగ్రాంలో తమ ఊరి పేరు వస్తుందేమోనని రెండు వారాలు అందరూ టైంకు వచ్చారు. పేరు రాలేదు, ఇంకో కార్డు రాశారు.

పరీక్షలు మొదలయ్యాక గుంపు ఆపేయండి, ఆ రోజుల్లో పిల్లలకు నిద్రే కావాలి. రేడియోలోంచి సెల్లులు తీసి విడిగా పెట్టండి. వేసవి అంతా లోపలే వదిలేస్తే అవి కారి స్ప్రింగులు తుప్పుపడతాయి. మా మొదటి సెట్టు అట్లాగే పోయింది. పెన్‌డ్రైవ్‌లోని పాఠాలను ఇంకో చోట కూడా కాపీ చేసుకుని, నోటుబుక్కుతో పాటు గుంపు నడిపిన అమ్మాయి చేతికి ఇవ్వండి. జూన్‌లో కొత్త పదో తరగతి పిల్లలతో ఆమె మొదలుపెట్టుకుంటుంది, ఏరియల్ కొలత 72 అని అట్ట మీద రాసి ఉంచండి.